మధ్యాహ్నం 12:30కి పాప ఎక్కడ పడుకుంటుంది? బెంగళూరు పార్కులు, బసలు, మా లెక్కలు

బెంగళూరు వెళ్తున్నామని చెప్పగానే అందరూ ఇచ్చే సలహా ఒకటే. "పొద్దున్నే వండర్‌లాకి పోండి, ఎండ ముదరక ముందే తిరిగేసి వచ్చేయొచ్చు." ఈ మాట చెప్పేవాళ్లెవరూ చంటిపిల్లను వెంటేసుకుని అక్కడికి వెళ్లినవాళ్లు కారు. వండర్‌లా అనే ఆ రైడ్ల పార్కు గేటు తెరిచేదే 11 గంటలకు. ఏడాదిన్నర దాటిన మా పాప అన్నం తినేది 11:30కి, కళ్లు నులుముకోవడం మొదలుపెట్టేది 12 దాటాక, పడుకునేది 12:30కి. అంటే వేలు పోసి టికెట్లు కొని లోపలికి వెళ్లి, బ్యాగులు లాకర్లో పెట్టి, బట్టలు మార్చుకుని బయటికొచ్చేసరికి పాప ఆవలిస్తూ ఉంటుంది. అందుకే ఈసారి ఎక్కడికి వెళ్లాలి అన్న ప్రశ్న పక్కన పెట్టి, 12 నుంచి 3 వరకు పాప ఎక్కడ ఉంటుంది అన్న ప్రశ్నతో ప్లాన్ మొదలుపెట్టాం. అది తేలితే మిగతావన్నీ వాటంతట అవే సర్దుకున్నాయి.

నిద్ర గురించి ముందు రెండు మాటలు చెప్పాలి, ఎందుకంటే ఇది పట్టించుకోని బంధువులు ప్రతి ఇంట్లో ఉంటారు. ఏడాది నుంచి ఏడాదిన్నర మధ్యలో చాలామంది పిల్లలు పగటిపూట రెండు నిద్రలు మాని ఒక్క నిద్రకు వస్తారు. ఒకటి నుంచి రెండేళ్ల వయసులో రాత్రీ పగలూ కలిపి 11 నుంచి 14 గంటల నిద్ర కావాలని డాక్టర్లు చెప్తారు. ఆ ఒక్క పగటి నిద్ర పోయిందంటే సాయంత్రం 5 గంటల నుంచి పేచీ, రాత్రి పడుకోబెడితే మధ్యలో లేవడం, మర్నాడు పొద్దున మనకు తలనొప్పి. దీనికంటే ప్రమాదం కారులో పట్టే పదిహేను నిమిషాల కునుకు. 11:45కి సీట్లో తల వాల్చిందా, ఇక 12:30కి పక్క మీద వేసినా ఫ్యాను వైపు చూస్తూ నవ్వుతుంది తప్ప పడుకోదు. కాబట్టి కారు ప్రయాణం నిద్ర టైముకు బాగా ముందైనా అయిపోవాలి, లేదా మొత్తం నిద్ర కారులోనే పోయేంత పొడుగ్గానైనా ఉండాలి. మధ్యస్థంగా ఉంటే రెంటికీ చెడుతుంది.

మేము అనంతపురం నుంచి బయల్దేరింది కూడా ఈ లెక్కతోనే. తెల్లవారుజామున బయల్దేరితే రోడ్డు ఖాళీగా ఉంటుంది, పెందలాడే చేరతామని మా మామయ్య పట్టుబట్టారు కానీ, పాపకు అన్నం పెట్టి మధ్యాహ్నం 12 దాటాక ఎక్కాం. 44వ నంబరు జాతీయ రహదారి దీనికి చాలా బాగుంటుంది. సిగ్నళ్లు లేవు, గుంతలు తక్కువ, కారు ఒకే వేగంలో పోతుంది. పెనుకొండ దాటాక కూడా పాప నిద్రలోనే ఉంది. లేచాక బాగేపల్లి దగ్గర ఆగి పాలు, అరటిపండు. ఊళ్లోకి వచ్చే దారిలో హెబ్బాళ ఫ్లైఓవరు దగ్గర ట్రాఫిక్‌కు మాత్రం ఎంత ముందుగా ప్లాన్ చేసినా చేసేదేమీ ఉండదు, అక్కడికి ఒక కొత్త బొమ్మ దాచి ఉంచుకోండి.

కార్ సీటు గురించి ఇంట్లో గొడవ జరిగింది. "ఒళ్లో పడుకోబెట్టుకుంటే పోలా" అంటుంది మా అత్త. 2019లో మోటారు వాహనాల చట్టం సవరించినప్పటి నుంచి 14 ఏళ్ల లోపు పిల్లలకు సీటు బెల్టో, పిల్లల సీటో లేకపోతే 1000 రూపాయల జరిమానా ఉంది. అత్తకు చట్టం చెబితే వినలేదు. సీట్లో పాప మెడ వాలకుండా గంటన్నర పడుకోవడం చూశాక మాత్రం మారుమాట్లాడలేదు. సొంత కారు లేకుండా వచ్చేవాళ్లకు ఒక మాట, బెంగళూరు క్యాబుల్లో పిల్లల సీటు దొరుకుతుందని ఆశ పెట్టుకోవద్దు.

ఇక బస. ఇక్కడే డబ్బులు ఎక్కువ పోతాయి, ఇక్కడే అందరూ తక్కువ ఆలోచిస్తారు.

హోటల్ అనగానే మనం చూసేది అద్దె, బాత్రూం, టిఫిను. చంటిపిల్ల ఉంటే చూడాల్సింది చెకిన్ ఎప్పుడు, చెకౌట్ ఎప్పుడు. చాలా హోటళ్లలో గది ఇచ్చేది మధ్యాహ్నం 12కో 2కో, ఖాళీ చేయమనేది 11కి. అంటే వచ్చిన రోజూ, వెళ్లే రోజూ సరిగ్గా పాప పడుకునే వేళకు మన చేతిలో గది ఉండదు! ఒక్క రాత్రికి బుక్ చేసుకుంటే రెండు నిద్రలూ పోయినట్టే. ఊళ్లో మేము దిగిన హోటల్లో (పేరు ఎందుకులెండి) ముందుగా గది ఇస్తామని ఫోన్లో ఒప్పుకున్నారు. తీరా వెళ్తే "మేడం, క్లీనింగ్ నడుస్తోంది, అరగంట" అని లాబీలో గంటంబావు కూర్చోబెట్టారు. అక్కడి ఏసీకి, పాటలకు పాప నిద్ర ఎగిరిపోయింది. మర్నాడు 1 గంటకు హౌస్‌కీపింగ్ అబ్బాయి తలుపు దబదబా బాదాడు. తలుపుకు "డిస్టర్బ్ చేయొద్దు" అట్ట వేలాడుతూనే ఉంది. అప్పటి నుంచి ఎక్కడ దిగినా రిసెప్షన్లో మొదట చెప్పే మాట, 12 నుంచి 3 వరకు మా గదికి ఎవరినీ పంపొద్దు, ఇంటర్‌కం కూడా కొట్టొద్దు. ముందుగా గది కావాలంటే ఫోన్లో మాట కాకుండా వాట్సాప్‌లోనో మెయిల్లోనో రాయించుకోండి. సగం రోజు అద్దె ఎక్కువ అడిగినా ఇచ్చేయడం మేలు.

మెజెస్టిక్, గాంధీనగర్ వైపు హోటళ్లు రైలు, బస్సు దిగేవాళ్లకు దగ్గర, అద్దె కూడా అందుబాటులో ఉంటుంది. కానీ రోడ్డు వైపు గది ఇస్తే పగటి నిద్ర మాట మర్చిపోవాలి. వెనక వైపు గది, పై అంతస్తు అడగండి. వంటింటితో ఉండే సర్వీస్ అపార్ట్‌మెంట్ మాకు అన్నిటికంటే నచ్చింది. ఒక గదిలో పాప పడుకుంటే ఇంకో గదిలో మనం టీవీ పెట్టుకోవచ్చు, మాట్లాడుకోవచ్చు. మామూలు హోటల్ గదిలో ముగ్గురు పెద్దవాళ్లు రెండు గంటలపాటు చీకట్లో ఫోన్లు చూసుకుంటూ దొంగల్లా కూర్చోవాలి. అదీగాక పొద్దున రాగి జావ, 11:30కి మెత్తగా పప్పన్నం మనమే చేసుకుంటే హోటల్ వాళ్లను "కారం లేకుండా" అని బతిమాలే పని తప్పుతుంది.

బీటీఎం లేఅవుట్లో మా ఆడపడుచు ఇల్లుంది, అక్కడా ఉన్నాం. బంధువుల ఇంట్లో ప్రేమ ఎక్కువ, నిద్ర తక్కువ. "ఇప్పుడే వచ్చిందమ్మా, కాసేపు ఆడుకోనీ" అంటూ పాపను చేతులు మారుస్తూనే ఉంటారు. అయితే అక్కడ హాల్లో ఊయల కొక్కెం ఉంది. మా పాప ఇంట్లో పడుకునేది చీర ఉయ్యాలలో. హోటల్ గదుల్లో కొక్కేలు ఉండవు కదా. మడిచే స్టీలు స్టాండు ఒకటి డిక్కీలో వేసుకెళ్లాం, విప్పితే ఉయ్యాల తయారు. బరువే, కానీ ఈ ప్రయాణంలో దానికి పెట్టిన చోటు వృథా కాలేదు.

తిరిగిన చోట్లలో పాప వయసుకు సరిగ్గా సరిపోయింది పైసా ఖర్చు లేకుండా లోపలికి పోనిచ్చే కబ్బన్ పార్కు. మెట్రో పర్పుల్ లైన్లో దాని పేరుతోనే స్టేషన్ ఉంది, లిఫ్టు ఉంది, స్ట్రోలరుతో వెళ్లడం కష్టం కాదు. పొద్దున 8 గంటలకల్లా చేరితే చల్లగా ఉంటుంది. ఊరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉండటంతో, మన అనంతపురంలో కొళాయి నీళ్లు కాగిపోయే రోజుల్లో కూడా ఇక్కడ పొద్దుటి గాలికి పాపకు పల్చటి స్వెట్టరు వేయాల్సి వచ్చింది. ఆదివారమైతే లోపలి రోడ్లమీద బండ్లు ఆపేస్తారు, పిల్లలు రోడ్డు మధ్యలో పరిగెత్తొచ్చు. కానీ ఆదివారం ఊళ్లోని కుక్కలన్నీ యజమానులతో సహా అక్కడే ఉంటాయి. మా పాపకు అదే పెద్ద పండగ, మా అత్తకు అదే పెద్ద టెన్షన్.

పార్కులోని బాలభవన్లో పుటాణి ఎక్స్‌ప్రెస్ అనే బుల్లి రైలు ఉంది. వెళ్లే ముందు అది ఆ రోజు తిరుగుతుందో లేదో కనుక్కోండి. అది లేకపోయినా బాధ లేదు, పక్కనే కస్తూర్బా రోడ్డులో విశ్వేశ్వరయ్య మ్యూజియం ఉంది. 1962లో నెహ్రూ ప్రారంభించిన సైన్సు మ్యూజియం అది, 9:30కి తెరుస్తారు. పెద్ద పిల్లల కోసం పెట్టిన విషయాలు పాపకేం తెలుస్తాయి అని మా ఆయన సణిగారు. తెలియకపోతేనేం? తిరిగే చక్రాలు, దొర్లే బంతులు, అరిచే డైనోసారు, బయట నిలబెట్టిన ఆవిరి రైలింజను. డైనోసారు దగ్గర ఏడ్చింది, బంతుల దగ్గర నుంచి కదల్లేదు. 11 గంటలకు బయటపడితే గదికి చేరి అన్నం తినిపించి 12:30కి పడుకోబెట్టడానికి సరిపోతుంది. పెద్దవాళ్లు వంతులేసుకుని రెసిడెన్సీ రోడ్డు ఆంధ్రా భోజన హోటళ్లకు వెళ్లి గోంగూర, పప్పు, పొడి, నెయ్యితో తిని రావచ్చు. మేమలాగే చేశాం. ఒకరు పాప దగ్గర, మిగతావాళ్లు భోజనానికి. ఈ వంతుల పద్ధతి ఇంకెక్కడైనా కూడా పనికొస్తుంది.

లాల్‌బాగ్ గురించి ఎక్కువ చెప్పను. 6 గంటలకే గేట్లు తెరుస్తారు, 240 ఎకరాల తోట, మూడు వందల కోట్ల ఏళ్ల నాటిదని చెప్పే రాతి గుట్ట. పాపకు ఆ గుట్ట జారుడుబల్ల. పొద్దున్నే లేచే పిల్లలకు ఇది బంగారం లాంటి చోటు. జనవరి, ఆగస్టు పూల ప్రదర్శనల రోజుల్లో మాత్రం స్ట్రోలరు నడవదు, మనిషే నడవలేడు. బయటికొచ్చి ఎంటీఆర్ హోటల్లో రవ్వ ఇడ్లీ తిందామనుకుంటే సోమవారం సెలవని గుర్తుంచుకోండి, మిగతా రోజుల్లో కూడా పేరు రాయించి నిలబడాల్సిందే. బెంగళూరు సాంబారులో బెల్లం మా మామయ్యకు ఎప్పటికీ మింగుడుపడదు, పాపకు మాత్రం అదే నచ్చింది.

బన్నేరుఘట్ట వేరే కథ. జూ, సఫారీ, సీతాకోకచిలుకల పార్కు మూడూ ఒకే చోట ఉంటాయి, మంగళవారం సెలవు, తెరిచేది 9:30కి. 9:30 నుంచి 12 వరకు అంటే రెండున్నర గంటలు, చంటిపిల్లకు ఇదే సరైన నిడివి. అయితే మూడూ చూడాలనుకుంటే కుదరదు. ఇక్కడే మా ఇంట్లో రెండు పార్టీలయ్యాయి. సఫారీ లేకపోతే బన్నేరుఘట్టకెందుకు అన్నది మా ఆయన వాదన. నా వాదన వేరు. సఫారీ బస్సు ఎక్కితే గంటకు పైగా దిగడానికి ఉండదు, కిటికీకి జాలీ, పాప కూర్చునే ఎత్తుకు ఏమీ కనపడదు, దూరంగా చెట్టు కింద పడుకున్న పులిని "అదిగో అదిగో" అని చూపిస్తే పాప చూసేది ముందు సీటు వాళ్ల చెవి కమ్మ. పైగా ఆ మట్టిదారి కుదుపులకు 11:15కి నిద్రపోయిందంటే ఆ రోజంతా పోయినట్టే. ఇంత చెప్పినా సఫారీకే వెళ్లాలనుకుంటే తెరవగానే మొదట అదే ఎక్కండి. పొద్దున జంతువులు కాస్త కదులుతూ ఉంటాయి, పాప కూడా హుషారుగా ఉంటుంది, క్యూ కూడా తక్కువ. శని, ఆదివారాల్లో ఆన్‌లైన్లో టికెట్ తీసుకోకుండా వెళ్తే పొద్దుటిపూటంతా కౌంటరు దగ్గరే అయిపోతుంది. 2024 నుంచి చిరుతపులుల సఫారీ కూడా కలిపారు, పెద్ద పిల్లలున్నవాళ్లకు మంచిదే.

మాకు జూ చాలనిపించింది. నీటి ఏనుగు నోరు తెరవడం, బాతులు, తాబేళ్లు, నెమలి. ఏడాదిన్నర పిల్లకు దగ్గరగా కనిపించే బాతు దూరంగా కనిపించే సింహం కంటే గొప్పది, ఈ విషయంలో నాకు ఏ సందేహమూ లేదు. చేతిలో బిస్కెట్టు ప్యాకెట్ కనపడితే కోతులు లాక్కుంటాయి, తినిపించేది బయటే తినిపించండి. సీతాకోకచిలుకల పార్కు 2006లో పెట్టారు, దేశంలో ఇలాంటి వాటిలో మొదటిది. గాజు గుమ్మటం లాంటి దాని కింద మొక్కల మధ్య నడవొచ్చు. ఎండ వచ్చాకే సీతాకోకచిలుకలు ఎగురుతాయి కాబట్టి దాన్ని చివరికి, 11 గంటల ప్రాంతానికి పెట్టుకోండి. చిన్న చోటే, అరగంట చాలు. పాప చేయి చాపుకుని వాటి వెనక పడితే మా అత్త పాప వెనక పడింది.

ఇక్కడి నుంచి వెనక్కి ఊళ్లోకి వస్తే బన్నేరుఘట్ట రోడ్డు ట్రాఫిక్‌లో ఆగుతూ కదులుతూ పాప సగం నిద్రే పోతుంది. మేము ఊళ్లోకి రాకుండా, ఊరి బయటి నుంచి పోయే నైస్ రోడ్డు ఎక్కాం. బన్నేరుఘట్ట రోడ్డు దగ్గర ఎక్కి, కనకపుర రోడ్డు దాటి మైసూరు రోడ్డులో దిగొచ్చు. టోలు బాగానే గుంజుతారు, కానీ సిగ్నల్ లేని రోడ్డు. పార్కు బయటే కారులో కూర్చోబెట్టి పెరుగన్నం తినిపించి, డైపర్ మార్చి, 12:20కి బండి తీశాం. నైస్ రోడ్డు ఎక్కేసరికి నిద్రపోయింది. మైసూరు రోడ్డు మీదుగా వండర్‌లా ఉండే బిడది దాకా వచ్చినా లేవలేదు, అక్కడ మేము దిగిన వండర్‌లా రిసార్టు ఆవరణలో చెట్టు నీడన కారాపి ఒకరు లోపలే కూర్చున్నాం, ఇంకొకరు వెళ్లి చెకిన్ పని చూసుకున్నారు. నిద్రపోయింది కదా అని పిల్లను కారులో ఒంటరిగా వదిలి ఒక్క నిమిషం కూడా వెళ్లొద్దు, నీడ ఉన్నా సరే, మూసిన కారు చాలా త్వరగా వేడెక్కుతుంది. పొద్దున జంతువులు, మధ్యాహ్నం రోడ్డు మీద నిద్ర, లేచేసరికి కొత్త గది. ఈ ప్రయాణంలో అన్నిటికంటే సాఫీగా నడిచిన రోజు ఇదే.

ఇప్పుడు వండర్‌లా. బెంగళూరు నుంచి 28 కిలోమీటర్లు, బిడది దగ్గర, 2005 నుంచి ఉంది. ఇక్కడ వయసు అడగరు, ఎత్తు కొలుస్తారు. 85 సెంటీమీటర్ల లోపు పిల్లలకు టికెట్ లేదు, అక్కడి నుంచి 140 వరకు పిల్లల టికెట్. మా పాప 85కి ఇంకా కిందే ఉంది, అంటే ఉచితం. ఉచితం అన్న మాట విని సంబరపడకండి. టికెట్ లేని ఎత్తులో ఉన్న పిల్లకు ఎక్కడానికి కూడా దాదాపు ఏమీ ఉండదు. చిన్నపిల్లల కోసం పెట్టిన కొన్ని రైడ్లు, లోతులేని నీళ్ల కొలను. పాటలకు గంతులేస్తుంటే పైనుంచి వాన కురిపించే రెయిన్ డిస్కోలో నీళ్లు వెచ్చగా ఉంటాయి కానీ ఆ మోతకు పాప నా మెడ పట్టుకుని వదల్లేదు. అయినా వెళ్లడం వృథా అనను. ఎందుకంటే ఇంట్లో పెద్దవాళ్లకు కూడా సరదా కావాలి కదా, మా ఆయన, ఆడపడుచు పిల్లలు రీకాయిల్ అనే రోలర్‌కోస్టర్ ఎక్కి మొహాలు తెల్లబోయి దిగడం చూడ్డానికే టికెట్ డబ్బులు సరిపోయాయి.

పొద్దున్నే వెళ్లి నిద్ర టైముకు వచ్చేయడం అనే ప్లాన్ ఇక్కడ పనిచేయదని మొదటే చెప్పాను. 11కి వెళ్లి 12:15కి బయటికొస్తే గంటంబావు కోసం పూర్తి టికెట్. నీళ్ల రైడ్లు మామూలు రైడ్ల తర్వాతే మొదలవుతాయి కాబట్టి, అసలు పాపకు నచ్చేది తెరిచే వేళకు మనం ఇంటి దారిలో ఉంటాం. లోపలే స్ట్రోలర్లో పడుకోబెడదాం అనుకునేవాళ్లకు కూడా ఒక మాట. పాటలు, అనౌన్స్‌మెంట్లు, పైనుంచి అరుపులు. పదినిమిషాలకోసారి ఉలిక్కిపడి లేచే నిద్రను నిద్ర అనలేం. కాబట్టి వండర్‌లాను మేము మధ్యాహ్నం పార్కుగా మార్చేసుకున్నాం.

దానికి కావాల్సింది పక్కనే గది. వండర్‌లా వాళ్ల రిసార్టు పార్కుకు ఆనుకునే ఉంటుంది, 2012లో కట్టారు, గదులు తక్కువే కాబట్టి సెలవుల్లో ముందుగా బుక్ చేసుకోవాలి. అద్దె చూసి మా మామయ్య నోరెళ్లబెట్టారు. ఊళ్లో ఆ డబ్బుకు రెండు రాత్రులు గడుస్తాయి, నిజమే. కానీ రానూ పోనూ మైసూరు రోడ్డు ట్రాఫిక్, మధ్యాహ్నం నిద్ర, తడిబట్టలతో సాయంత్రం గంటన్నర కారు, ఇవన్నీ కలిపి చూస్తే నా ఓటు రిసార్టుకే. ఒక షరతు మాత్రం ఉంది, ముందు రోజు రాత్రే దిగి ఉండాలి. పార్కుకు వెళ్లే రోజే చెకిన్ పెట్టుకుంటే పాప నిద్రవేళకు గది చేతికి రాదు, అప్పుడా అద్దె దండగ.

మా రోజు ఇలా నడిచింది. పొద్దున బిడది తట్టె ఇడ్లీ. మైసూరు ఎక్స్‌ప్రెస్‌వే పడ్డాక పైనుంచి పోయే బండ్లకు బిడది తగలదు, ఊళ్లోకి పాత రోడ్డు దిగాలి. పళ్లెమంత ఇడ్లీ, పైన వెన్న, మెత్తగా ఉంటుంది. సగం ఇడ్లీ పాపకు సరిపోయింది, చట్నీ కారంగానే ఉంటుంది, పాపకు పెట్టకండి. తర్వాత రిసార్టు కొలనులో కాసేపు. 11కి మా ఆయన, పిల్లల గుంపు పార్కులోకి పోయారు. నేను, అత్త గదిలో. 11:30కి పాపకు అన్నం, కర్టెన్లు మూసి, స్టాండు ఉయ్యాల కట్టి 12:20కి పడుకోబెట్టాం, 2:30 దాటాక లేచింది. పాలు తాగించి 3 గంటలకు మేము లోపలికి. సాయంత్రం ముందే నీళ్ల రైడ్లు ఆపేస్తారు కాబట్టి మొదట పిల్లల కొలనుకే వెళ్లండి, బొమ్మల రైడ్లు తర్వాత. వారాంతాల్లో పార్కు కాస్త ఎక్కువసేపు ఉంటుంది కానీ జనం కూడా అలాగే ఉంటారు, చంటిపిల్లతో మామూలు రోజే నయం. క్యూ తప్పించే ఫాస్ట్‌ట్రాక్ టికెట్లు మీకు అనవసరం, పిల్లల రైడ్ల దగ్గర క్యూ ఉండదు. నీళ్లలోకి కాటన్ బట్టలతో రానివ్వరు, నైలాన్ ఈత దుస్తులు ఇంటి నుంచే తెచ్చుకోండి. బయటి తిండి లోపలికి రానివ్వరు, చంటిపిల్లల తిండికి మాత్రం అభ్యంతరం ఉండదు, మా ఫ్లాస్కు, ఉగ్గు డబ్బా చూసి ఏమీ అనలేదు.

మూడు గంటల పార్కు కోసం నాకూ అత్తకూ పూర్తి టికెట్ పెట్టడం నచ్చకపోతే ఒక దారి ఉంది. అత్త గదిలోనే ఉండిపోవచ్చు, 60 దాటినవాళ్లకు టికెట్లో తగ్గింపు ఉన్నా నీళ్లలో దిగని మనిషికి అది కూడా ఎక్కువే. మా అత్త అయితే "నేను కూడా చూడాలి" అని వచ్చి, వేవ్ పూల్ అంచున కుర్చీలో కూర్చుని అందరి ఈత బట్టలమీదా వ్యాఖ్యానం చేసింది. ఆమెకు డబ్బులు గిట్టుబాటయ్యాయి.

కారు లేకపోతే వండర్‌లా కొంచెం కష్టం. మెట్రో పర్పుల్ లైన్ 2023 నుంచి కెంగేరి దాటి చల్లఘట్ట దాకా వచ్చింది, అక్కడి నుంచి మైసూరు రోడ్డు బస్సో, ఆటోనో. వెళ్లేటప్పుడు ఫర్వాలేదు, సాయంత్రం తడి జుట్టు, నిద్రమత్తు పిల్లతో బస్సు కోసం నిలబడటం నేనైతే చేయను. కెంగేరి వైపు సర్వీస్ అపార్ట్‌మెంట్లో దిగితే మధ్యేమార్గం, ఇటు మెట్రోలో కబ్బన్ పార్కు, అటు క్యాబులో వండర్‌లా.

ఇంటికొచ్చే రోజు చెకౌట్ 11కి. ఒక గంట పొడిగించమని అడిగితే రిసార్టు వాళ్లు ఒప్పుకున్నారు. పాపకు గదిలోనే అన్నం పెట్టి 12కి ఎక్కాం. మైసూరు రోడ్డు నుంచి నైస్ రోడ్డు పట్టుకుని తుమకూరు రోడ్డు దాకా వస్తే ఊరి మధ్యలోకి పోనక్కర్లేదు, అక్కడి నుంచి హెబ్బాళ, దేవనహళ్లి. చన్నపట్న కొయ్యబొమ్మలు కావాలంటే మాత్రం ఆ రోజు పెట్టుకోకండి, అది బిడది నుంచి మైసూరు వైపు ఇంకా ముందుకు, మనం వెళ్లేది ఉత్తరానికి. వండర్‌లాకు ముందు రోజు సాయంత్రం, పాప లేచాక 4 గంటలకు బయల్దేరితే వెళ్లి రావచ్చు. మేము అలాగే వెళ్లి లక్క పూసిన గిలక్కాయ ఒకటి, లాగుడు బండి ఒకటి తెచ్చాం. హెబ్బాళ ఫ్లైఓవరు మీద ఆ బండే ఆదుకుంది.